ముక్కుల రెండు చుక్కలు

నాకు కోపమెక్కువ. గిది ముందుగాల్నే చెప్పుకుంటె నాకూ మంచిది, వినెటోళ్లకూ మంచిది. మానుకోటల ఒక చిన్న మిషన్ దవాఖాన ఉండె. అండ్ల పన్నెండు మంచాల పిల్లల వార్డు. ఆ వార్డుల నేను సిస్టర్‌ను, పేరు సరళ. పిల్లకు మందు తాగియ్యకుంట ముచ్చట్లు పెట్టె తల్లులను, వార్డుల బీడీ ముట్టిచ్చె తాతలను నేను తిట్టిన తిట్లు గేటు కాడి సోడబండి దాక ఇనవడేటివి. "సరళ సిస్టర్ డ్యూటీల ఉన్నదా?" అని అడిగి, ఉన్నదంటె ఎనక్కి మర్రిపోయినోళ్లు గుడ ఉన్నరు.

గని ఇయ్యాల చెప్పేది నా ముచ్చట కాదు, లచ్చవ్వ ముచ్చట. నా నోరు ఎన్నడన్న ఒక మనిషి ముంగట మూతవడ్డదంటె ఆమె ముంగటనే మూతవడ్డది.

లచ్చవ్వది కురవి దిక్కు గుట్టకింది తండా. లంబాడీ ఇంటి ఆడమనిషి. సదువు లేదు, ఉన్నది ఒక్క ఎకరం చెల్క, అదీ వాన కొడితేనే. గని పసిపిల్లలకు నీళ్లు పోసుడుల ఆమెను మించినోళ్లు ఆ చుట్టుముట్టు పది ఊళ్లల్ల లెవ్వరు. తండా పిల్లలకే కాదు, కురవిల దుకాణాలోళ్ల ఇండ్లల్ల, పంతుళ్ల ఇండ్లల్ల, మా లెక్క చర్చికి పోయెటోళ్ల ఇండ్లల్ల, ఎవలింట్ల కాన్పయినా ముందుగాల లచ్చవ్వకే కబురు పోయేది. ముప్పై ఏండ్లల్ల ఎంతమందికి పోసిందో ఆమెకే యాదికి లేదు.

ఆమె నీళ్లు పోస్తాంటె నిలవడి చూడబుద్ధయ్యేది. మోచేతి దాక ఉన్న గాజులు పిల్లకు గీరుకపోతయని ఒక్కొక్కటి ఊడదీసి కొంగుల మూట గట్టేది. పీట మీద కూసోని, రెండు కాళ్లు సాపి, పిల్లను కాళ్ల మీద పండవెట్టుకోని ఒళ్లంత నూనె రుద్దేది. వేడినీళ్లు చెంబుతోని పోసుకుంట, తల గుండ్రంగ రావాలెనని ఒత్తేది. ముక్కు కోసుగ రావాలెనని గుంజేది. పిల్ల కిర్రుకిర్రుమని ఏడుస్తాంటె తన భాషల ఏదో పాడేది. ఆఖరికి అరచేతిల నూనె పోసుకోని, ముక్కుల రెండు చుక్కలు, చెవులల్ల రెండు చుక్కలు వేసి, ముక్కుల ఫూ అని ఊదేది. అంతే, పిల్ల నాలుగు గంటలు కదలకుంట పండేది. నా కొడుకు సంతోష్‌గానికి గుడ ఆమెనే పోసింది. నేను నర్సును, గడప మీద కూసోని చాయ్ తాగుకుంట చూసిన.

సకల జనుల సమ్మె అయిన యేడు, ఎండకాలంల, లచ్చవ్వ బిడ్డ సోనికి ఆడపిల్ల పుట్టింది. సోనిని భూపాలపల్లికి ఇచ్చిండ్రు. అల్లుడు కల్యాణ్ బొగ్గుబాయిల పని చేస్తడు. తొలి కాన్పు తల్లిగారింట్లనే. పిల్లకు మౌనిక అని పేరు పెట్టుకున్నరు. లచ్చవ్వ సంబురం చూడాల్సింది! ఊరందరి పిల్లలకు పోసిన చేతులకు సొంత మనుమరాలు దొరికింది. పొద్దుగాల ఒకపారి, మాపటికి ఒకపారి పోసేది.

నాలుగో నెల పడ్డంక పిల్లకు దగ్గు షురువైంది. వార్డుకు తెచ్చేసరికి పక్కలెగరేస్తున్నది. ఊపిరి గుంజినప్పుడల్ల పక్కటెముకల కింద గుంటలు పడుతున్నయి. మా కరుణాకర్ డాక్టర్ నెమ్ము చేరిందన్నడు. ఆక్సిజన్ పెట్టినం, వారం దినాలు సూదులిచ్చినం. పిల్ల జర తేరుకున్నది, ఇంటికి పంపినం. పంపుకుంట నేనేమన్ననో నాకిప్పటికి యాదికున్నది. "నీ చేతులల్ల పడ్డంక ఇగ ఫికరెందుకు లచ్చవ్వా? మంచిగ నీళ్లు పోసి పండవెట్టు" అన్న. నవ్వుకుంట అన్న.

తొమ్మిది దినాలకు మళ్ల తెచ్చిండ్రు. మళ్ల సూదులు, మళ్ల ఇంటికి. మూడోపారి తెచ్చేసరికి సమ్మె నడుస్తున్నది. బస్సులు లెవ్వు, రైళ్లు ఆపుతున్నరు. బొగ్గు బాయిలు బందు, చెల్పూరు కరెంటు ఫ్యాక్టరీకి బొగ్గు లేదు, ఎప్పుడు కరెంటు పోతదో ఎప్పుడొస్తదో ఎవలికి తెల్వదు. గాలి నుంచి ఆక్సిజన్ తీసె మిషను మా వార్డుల ఒక్కటే ఉండె, అది కరెంటు పోంగనే మూగదైతది. సిలిండర్లే దిక్కు. మౌనిక పెదవులు నీలంగ అయినయి. ఎక్స్‌రే చూస్తె కుడిదిక్కు ఊపిరితిత్తి సగం తెల్లగుంది.

"ఇది మనతోని అయ్యేది కాదు సిస్టర్" అన్నడు కరుణాకర్ డాక్టర్. "మూడుపార్లు అదే తీరుగ వచ్చిందంటె లోపల ఇంకేదో ఉన్నది. వరంగల్‌ల పిల్లల ఊపిరితిత్తులు ఒక్కటే చూసె డాక్టర్ ఉన్నడు, జగపతి అని. ఆయన కాడికి పోవాలె. ఇయ్యాల్నే."

సోని ఒక మూలకు కూసోని ఏడుస్తున్నది. భూపాలపల్లి నుంచి కల్యాణ్ ఫోన్ చేసి, "సమ్మె ఇడిచిపెట్టి మానుకోటకొస్త అత్తా" అన్నడు. "మానుకోటకెందుకు? నీ బండి మీద సక్కగ వరంగల్ రా. పిల్లను నేను ఆడికి తెస్త" అన్నది లచ్చవ్వ. ఎట్ల తెస్తదో ఆమెకు గుడ తెల్వదు. తెస్త అన్నదంటె తెస్తది, గంతే.

దవాఖాన పాత జీపు తీసినం. ఎనక సీట్ల సోని ఒళ్లె పిల్ల, ముక్కుకు సన్న పైపు, కాళ్ల కాడ సిలిండరు. అది రెండున్నర గంటలు వస్తది. వరంగల్‌కు రెండు గంటల తొవ్వ. నేను సిలిండరు ముల్లు మీదనే కన్నుపెట్టి కూసున్న.

మానుకోట పొలిమేర దాటకముందే జీపు ఆగింది. రోడ్డు మీద వంటా వార్పు. ఉద్యమంల అదొక తీరు ఉండె. రోడ్డు నడుమనే రాళ్లు పేర్చి పొయ్యిలు పెట్టి, పెద్ద పెద్ద గంజులల్ల అన్నం వండి, అందరు ఆడనే కూసోని తినుడు. ఇన్నేండ్లు మమ్ములను రోడ్డు మీద పడేసిండ్రు, మేం రోడ్డు మీదనే వండుకుంటమన్నట్టు. నేను గుడ ఒకనాడు పోయి ఉల్లిగడ్డలు కోసిచ్చిన. గని ఆనాడు ఆడ పదిహేను పొయ్యిలు మండుతున్నయి. పచ్చికట్టెలు. పొగ రోడ్డంత నిండింది.

దవాఖాన బండిని ఎవలు ఆపలే. "జరుగుండ్రి, దారియ్యుండ్రి" అని వాళ్లంతల వాళ్లే జరిగిండ్రు. నా ఫికర్ దారి కాదు, పొగ. జీపు అద్దాలు సగమే ఎక్కుతయి. ఆ పొగల నుంచి పోతె పిల్ల తట్టుకోదు. నేను దిగి ఒర్రిన.

"పొయ్యిలు తియ్యుండ్రి! తియ్యుండ్రంటె సమజ్ గాదా?"

"దారిచ్చినం గదా సిస్టరమ్మా, ఇంకేం గావాలె?" అని ఒగడు, "సమ్మె బందు చెయ్యుమంటవా?" అని ఇంకొకడు. నేనూరుకుంటనా? మాటకు మాట పెరిగింది. రెండు నిమిషాలు గట్లనే పోయినయి. ఆ రెండు నిమిషాలు తలుచుకుంటె ఇప్పటికి నా చెంపలు నేనే వాయిచ్చుకోబుద్ధయితది.

గంతల లచ్చవ్వ దిగింది. ఒర్రలే, ఏడువలే. గంటె తిప్పుతున్న పొడుగు పిల్లగాని కాడికి సక్కగ పోయింది.

"ఏ చత్రూ!"

వాడు తండా పిల్లగాడే, కాలేజిల సదువుతడు, ఆడున్నోళ్లకు లీడరు. గంటె పట్టుకోని నిలవడ్డడు.

"నిన్ను నా కాళ్ల మీదేసుకోని నీళ్లు పోసినప్పుడు నా మీద ఎన్నిపార్లు ఉచ్చ పోసినవో చెప్పాల్నా గీళ్లందరికి?"

అందరు గొల్లున నవ్విండ్రు. లచ్చవ్వ నవ్వలే. "నా మనుమరాలి పాణం మీదికొచ్చింది బిడ్డా. పొగ పడదు. నీళ్లు పొయ్యకు, పోస్తె ఇంక లేస్తది. కట్టెలు గుంజి, గాలి అటు కొడుతున్నది గదా, ఆ చేన్లకు తీస్కపో."

చత్రు గంటె కింద పడేసిండు. మండుతున్న కట్టెలు పట్టుకోని చేన్లకు ఉరికిండు. వాని ఎనక ఇంకో ఇరవై మంది. సగం ఉడికిన అన్నం గంజులు రోడ్డు పక్కకు పోయినయి. అండ్ల సగం మంది ఆమె చేతుల నీళ్లు పోసుకున్నోళ్లేనట. అయిదు నిమిషాలల్ల రోడ్డు సాఫ్ అయింది. జీపు కదులుతాంటె చత్రు చెవుల ఫోన్ పెట్టుకోని ఒర్రుడు ఇనవడ్డది. "అన్నా, ఒక జీపు వస్తున్నది. పసిపిల్ల ఉన్నది. అది వచ్చెవరకు పొయ్యిలు పక్కకు తియ్యుండ్రి, పొగ రావద్దు!" వరంగల్ దాక ఇంక నాలుగు జాగలల్ల వంటా వార్పు ఎదురొచ్చింది. నాలుగు జాగలల్ల పొయ్యిలు చేన్లల్లనే ఉన్నయి, మనుషులు రోడ్డుకు రెండు దిక్కుల నిలవడి మమ్ములను సాగదోలిండ్రు. నాకు కండ్లల్ల నీళ్లు ఆగలే.

లచ్చవ్వ ముందు సీట్ల కూసోని, "చూసినవా బిడ్డా, నేను పోసిన నీళ్లు ఊకెనే పోలే" అన్నది. ఎంత గర్వంగ అన్నదో.

వరంగల్‌ల జగపతి డాక్టర్‌ను చూడంగనే లచ్చవ్వ నా చెవుల, "ఆంధ్రాయనా?" అన్నది. మాట్లాడంగనే తెల్సిపోతది గదా. సమ్మె దినాలాయె, మా మాటను సినిమాలల్ల పెట్టి నవ్వినోళ్ల మీద మాకు కడుపు మండుతున్న దినాలాయె. నేను గుడ మొఖం ముడుసుకోనే నిలవడ్డ. ఆయన అవేం పట్టిచ్చుకోలే. ముందుగాల పిల్లకు ఆక్సిజన్ సరిజేసిండు. పిల్ల ఛాతి మీద చెయ్యి పెట్టి ఒక నిమిషం నిండ ఊపిరి లెక్కవెట్టిండు. మా కాయితాలన్ని చదివి, అప్పుడు అడుగుడు షురూ చేసిండు. ఇంట్ల బీడీ తాగెటోళ్లున్నరా? లేరు. టీబీ ఎవలికన్న ఉన్నదా? లేదు. కట్టెల పొయ్యి బాలింత పండె అర్రల ఉన్నదా? లేదు, బయట. పాలు తాగుతాంటె పొలమారుతదా? లేదు. గియ్యన్ని నేను రాసినయే. పదహారేండ్ల సంది ప్రతి పిల్లకు రాస్తున్నయే.

"నీళ్లు ఎవరు పోస్తారు?" అన్నడు.

నేను బిత్తరపోయిన. గదేం ప్రశ్న?

"నేనే సారూ" అన్నది లచ్చవ్వ, జర ముందుకు జరిగి. "ఒక్క నా మనుమరాలికే కాదు, మా దిక్కు అందరికి నేనే."

"ఎలా పోస్తావమ్మా? నాది ఇక్కడి మాట కాదు, చెబితే కొన్ని నాకు తెలియకపోవచ్చు. చేసి చూపిస్తావా?" అని ఒక తువ్వాల చుట్టి చేతికిచ్చిండు.

లచ్చవ్వకు అంతకంటె ఏం గావాలె? ఆడనే కింద కూసున్నది. గాజులు ఊడదీసింది. కాళ్లు సాపి తువ్వాలను పండవెట్టుకున్నది. రుద్దింది, ఒత్తింది, ఉత్త చెంబుతోని పోసింది. పాట గుడ పాడింది. మందు తెచ్చిన సిస్టర్లు తలుపు కాడ నిలవడి చూస్తున్నరు. ఆఖరికి అరచెయ్యి గుంటవెట్టి, యేలు ముంచి, తువ్వాలకు ముక్కు ఉండె కాడ ఇడిసింది.

"అదేంటమ్మా?"

"నూనె సారూ. ముక్కుకు రెండు చుక్కలు. దగ్గు షురూ అయినంక నాలుగు చేసిన. నూనె పోస్తె నెమ్ము కరుగుతది గదా. పొద్దుగాల, మాపటికి."

వార్డుల ఉన్నన్ని దినాలు పిల్లకు నీళ్లు పొయ్యలే, అందుకే తేరుకున్నది. ఇంటికి పోంగనే మళ్ల మునిగింది. నేనే నవ్వుకుంట పంపిన. పదహారేండ్లల్ల నేను ఒక్క తల్లిని గుడ గీ ప్రశ్న అడగలే. ఎందుకడుగుత? నా కొడుకు ముక్కుల పోస్తాంటె చాయ్ తాగుకుంట చూసినదాన్ని.

డాక్టర్ కోపం చెయ్యలే. ఆయన గుడ లచ్చవ్వ ముంగట కిందనే కూసున్నడు. "నీళ్లు ఊపిరితిత్తుల్లోకి జారితే బిడ్డ వెంటనే దగ్గుతుంది, బయటికొచ్చేస్తాయి. నూనె జారితే దగ్గు కూడా రాదమ్మా. మెల్లగా లోపలికి పోయి అక్కడే ఉండిపోతుంది. అదే అయిందో కాదో రేపు పొద్దున్న కడిగి చూస్తాను. అయితే ఒకసారి కడిగితే సరిపోదు. పిల్ల చాలా నీరసంగా ఉంది. తట్టుకుంటుందని మాట ఇవ్వలేను. ప్రయత్నం మాత్రం వదలను."

తెల్లారి పిల్లను లోపలికి తీస్కపోయిండ్రు. నర్సునని నన్ను గుడ రానిచ్చిండ్రు. డాక్టర్ పెన్సిలు ముల్లంత సన్న పైపు ఊపిరితిత్తిలకు పంపి, ఉప్పునీళ్లు పోసి, మళ్ల గుంజి సీసల పట్టిండు. గా నీళ్లు పాల లెక్క తెల్లగ వచ్చినయి. గంటసేపటికి పిల్ల బయటికొచ్చింది. ఊపిరున్నది.

సీస బల్ల మీద పెట్టి ఆయన లచ్చవ్వను, సోనిని, రాత్రి ఎప్పుడో బండి మీద వచ్చిన కల్యాణ్‌ను పిలిచిండు. నిలవెట్టిన నీళ్ల మీద పసుపుపచ్చటి పొర తేలింది. లచ్చవ్వ వంగి చూసింది.

"గది నాదే" అన్నది.

డాక్టర్ దిక్కు తిరిగి అడిగింది. "సారూ, సోని కంటె ముందు నాకో కొడుకు పుట్టిండు. ఆరు నెలలకు గిట్లనే పక్కలెగరేసుకుంట పోయిండు. గాలి తగిలిందనుకున్నం. వానికి గుడ నేనే పోసిన. గదేనా?"

డాక్టర్ సీస పక్కకు జరిపిండు. "ఇప్పుడు ఎవరూ చెప్పలేరమ్మా. అవునని చెప్పను, కాదని అబద్ధం ఆడను."

సోని ఒక్కపారి లేసింది. "యాడీ, నువ్వు నా బిడ్డను ముట్టకు" అన్నది తల్లితోని. "ఇగ ఎన్నడు ముట్టకు."

లచ్చవ్వ వరండాల గోడకు ఒరిగి కూసున్నది. కొంగుల మూటగట్టిన గాజులు మళ్ల తొడుక్కోలే. నేను పక్కన కూసున్న. నాకు తిట్టుడు వస్తది గని ఓదార్చుడు రాదు. ఈమె ఇగ లేవదు అనుకున్న. యేళ్ల మీద ఏదో లెక్కవెడుతున్నది. దేవునికి మొక్కుతున్నదేమో అనుకున్న.

"పదకొండు మంది" అన్నది.

"ఏంది లచ్చవ్వా?"

"ఇప్పుడు నా చేతుల నీళ్లు పోసుకునె పిల్లలు. నేను ఈడుంటె వాళ్ల అవ్వలు పోస్తనే ఉంటరు. నేను నేర్పిన తీరుగనే పోస్తరు. జీపు మళ్ల మానుకోటకు పోతదన్నవు గదా, నన్ను గుడ తీస్కపో."

సోని ఇనింది. "నా బిడ్డ సస్తదో బతుకుతదో తెల్వకపాయె, నువ్వు ఊళ్లు తిరుగుతవా?" అని మళ్ల ఏడ్చింది. అప్పుడే ముట్టకు అన్న నోరే అది. లచ్చవ్వ వార్డు అద్దంల నుంచి మనుమరాలిని ఒక్కపారి చూసి, జీపెక్కింది.

తొవ్వల నేను నా తెలివంత చూపిచ్చిన. "నువ్వు పోసిన అని చెప్పకు. పెద్ద డాక్టర్ వద్దన్నడని చెప్పు, సాలు. లేకుంటె నీ పేరు పోతది."

"డాక్టర్ చెప్పిండంటె నీ ముంగట తలకాయ ఊపుతరు, మళ్ల నన్నే పొయ్యమంటరు. నాతోనే అయింది అంటెనే ఇంటరు. పేరేం జేసుకుంట బిడ్డా, తినుకుంటనా?"

నా నోరు మూతవడ్డది.

రెండు దినాలు సెలవు పెట్టి నేను గుడ ఆమెతోని తిరిగిన. బస్సుల్లేవు. నడిచినం, ఎడ్లబండి ఎక్కినం, చత్రు బండి మీద ముగ్గురం ఇరుక్కోని పోయినం. ప్రతి ఇంటి వాకిట్ల నిలవడి ఆమె ఒక్క తీరుగనే చెప్పింది. "ముక్కుల నూనె పొయ్యకుండ్రి. నేనే నేర్పిన, నేనే పోసిన. నా మనుమరాలి ఊపిరితిత్తుల నుంచి నా నూనెనే తీసిండ్రు. సీసల నా కండ్లతోని చూసిన. ఒళ్లుకు రుద్దుకోండ్రి, ముక్కుల పొయ్యకుండ్రి, ముక్కు మూసి ఆముదం తాగియ్యకుండ్రి."

మంచిగ ఇన్నోళ్లు ఉన్నరు. ఇననోళ్లు ఎక్కువ ఉన్నరు. ఒకింట్ల ముసలామె, "ముక్కు సాఫ్ చెయ్యకుంటె అదేం నీళ్లు పోసుడే? నీకు చేతగాకుంటె ఇంకొకదాన్ని పెట్టుకుంటం" అని తలుపేసింది. నాకు ఒళ్లు మండింది. నోరు తెరుస్తాంటె లచ్చవ్వ నా చెయ్యి పట్టి గుంజింది. తలుపు బయటనే కూసున్నది. గంట కూసున్నది. ఆఖరికి బాలింతనే బయటికొచ్చి, "చెప్పు అవ్వా" అన్నది. చెప్పి, లేసి, ఇంకో ఇంటికి నడిచింది.

తొమ్మిదో ఇంట్ల మూడు నెలల పిల్లగాడు. దగ్గు లేదు, ఏం లేదు, ఊకె పండుతున్నడని తల్లి సంబురంగ చెప్పింది. నాకెందుకో అనుమానమైంది. బట్ట ఎత్తి, గడియారం పట్టుకోని, నిమిషం నిండ ఊపిరి లెక్కవెట్టిన. డెబ్బై రెండు. ఆ ఈడు పిల్లకు యాభై దాటొద్దు. లచ్చవ్వ నా మొఖం చూసింది, అంతే. పిల్లగాన్ని తల్లి ఒళ్లె పెట్టి, తల్లిని చత్రు బండి మీద కూసవెట్టి దవాఖానకు తోలింది. వరంగల్‌ల జగపతి డాక్టర్ వానికి ఒక్కపారి కడిగితేనే సాలింది. మూడో వారానికి ఇంటికొచ్చిండు. ముసలామె వేసిన తలుపు అప్పుడు తెరుసుకున్నది, మిగిలిన తలుపులు గుడ తెరుసుకున్నయి.

మౌనికకు మూడుపార్లు కడిగిండ్రు. రెండోపారి కడిగిన దినం పిల్ల చేతికి రాదనే అనుకున్నరు. జగపతి డాక్టర్ ఆ దినమంత మంచం ఇడిచి కదలలేదని కల్యాణ్ ఫోన్ల చెప్పిండు. లచ్చవ్వ అప్పుడు పదో ఇంట్ల ఉన్నది. ఫోన్ ఇని, కురవి వీరన్న గుడి దిక్కు తిరిగి ఒక్క దండం పెట్టి, పదకొండో ఇంటికి పోయినంకనే వరంగల్ తొవ్వ పట్టింది. ఆడ అద్దం బయటనే ఉన్నది. సోని లోపలికి రమ్మనలే, ఈమె అడగలే. ఇరవై నాలుగో దినం పిల్లను ఇంటికి పంపిండ్రు. అప్పటికి సమ్మె గుడ ఆగింది. ఇంటికాడ ఇంక రెండు నెలలు రాత్రిపూట ఆక్సిజన్ పెట్టిండ్రు.

ఆ యేడంత సోనినే బిడ్డకు నీళ్లు పోసుకున్నది. చాతగాక, సగం నీళ్లు తన మీదనే పోసుకుంట పోసింది. లచ్చవ్వ జర దూరం కూసోని, "సబ్బు కండ్లల్ల పోతది, చెయ్యి అడ్డం పెట్టు" అని చెప్పేది, లేసి పోయేది కాదు. ఊళ్లల్ల మటుకు పిల్లలకు పోస్తనే ఉండె. ముక్కుల చుక్క లేకుంట, ఊదుడు లేకుంట. బేరాలు సగం తగ్గినయి. తగ్గనీ అన్నది. మా వార్డు కాయితంల నేను కొత్తగ ఒక లైను రాసిన. నీళ్లు ఎవలు పోస్తరు, ఎట్ల పోస్తరు? అడుగకుంటె కొత్త సిస్టర్లను తిట్టిన. నా తిట్లు ఒక్కపారన్న పనికొచ్చినయంటె అప్పుడే.

మళ్ల ఎండకాలమొచ్చింది. జగపతి డాక్టర్ ఎక్స్‌రే దీపానికి పెట్టి చూసి, "శుభ్రంగా ఉంది. ఇక నా దగ్గరికి రానక్కర్లేదు" అన్నడు. ఆ ఆదివారం చర్చి నుంచి నేను సక్కగ తండాకు పోయిన. పోయేసరికి సోని వాకిట్ల పీట వేసింది. నీళ్లు కాగవెట్టింది. తల్లి దిక్కు చూడకుంటనే, "యాడీ, రా" అన్నది.

లచ్చవ్వ గాజులు ఊడదీసి కొంగుల కట్టుకున్నది. సబ్బుతోని చేతులు కడిగింది. వాసన చూసుకోని మళ్ల కడిగింది. మూడోపారి గుడ కడిగింది. పీట మీద కూసోని కాళ్లు సాపితె, సోని మౌనికను తెచ్చి ఆ కాళ్ల మీద పెట్టింది. పిల్ల యేడాదిది ఆయె, పండదు, కూసుంటది. నీళ్లు పడుతాంటె కిలకిల నవ్వింది. లచ్చవ్వ పాట అందుకున్నది. మొఖం తుడుద్దామని చెయ్యి దగ్గరికి తెచ్చింది.

పిల్ల నవ్వు ఆగింది. రెండు చేతులు ఎత్తి ముక్కు గట్టిగ మూసుకున్నది.

పైపులు పెట్టినందుకు అయిన అలవాటో, నూనె యాదో, దేవునికే తెలువాలె. సోని మొఖం తెల్లవడ్డది. లచ్చవ్వ పాట ఆపింది. చెయ్యి ఎనక్కి తీసుకున్నది. కండ్ల నుంచి నీళ్లు బొటబొట పిల్ల కాళ్ల మీద పడుతున్నయి, తుడుసుకోలే. ఆ రెండు చిన్న చేతుల మీద తన చేతులు పెట్టి, ముక్కు మీదికి ఇంక జర దగ్గరికి ఒత్తింది.

"మూసుకో బిడ్డా" అన్నది. "గట్టిగ మూసుకో. ఎవలొచ్చినా తియ్యకు. నేనొచ్చినా తియ్యకు."